అబ్బా సఫర్, తమ్ముడి సఫారీ

సఫారీ అనగానే మనకు ఆఫ్రికా గుర్తుకొస్తుంది. టాపు లేని జీపు, ఏనుగుల గుంపు, ఖాకీ టోపీ పెట్టుకున్న తెల్లోళ్లు. కానీ ఆ మాట మన ఇండ్లల్లో పొద్దస్తమానం తిరిగే మాటే. అరబ్బీ 'సఫర్' సముద్రం దాటి స్వాహిలీలోకి పోయి 'సఫారీ' అయింది. అక్కడి నుంచి ఇంగ్లీషోళ్లు ఎత్తుకున్నారు. మా అమ్మీకి ఈ సంగతి చెప్తే, "అట్లయితే మీ అబ్బా 24 ఏండ్లు సఫారీ చేసినాడన్న మాట" అనింది. నవ్వుతా అన్లేదు.

అబ్బా 1993లో కువైట్ పోయినాడు. యుద్ధం అయిపోయి కువైట్ మళ్లీ కట్టుకుంటున్న రోజులవి. అంతకు ముందు ఆళ్లగడ్డలో లారీ డ్రైవరు. బేతంచెర్ల బండలు, నంద్యాల బియ్యం, ఏది దొరికితే అది తోలేవాడు. నాకప్పుడు ఏడేండ్లు, తమ్ముడు ఇంకా సరిగ్గా మాటలు కూడా రాని పిల్లోడు. కడప, రాయచోటి, రాజంపేట నుంచి మనోళ్లు ఎట్ల పోయినారో అట్లనే పోయినాడు. ఖాదిం వీసా, ఇంటి డ్రైవర్ నౌకరీ. మొదట జీతం 45 దీనార్లు. పాస్‌పోర్టు కఫీల్ బీరువాలో. రెండేండ్లకో, మూడేండ్లకో ఒకసారి ఇంటికి రావడం. 2017లో ఖతం చేసుకుని వచ్చేసినాడు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, 2024 ఎండాకాలం సెలవుల్లో మా తమ్ముడు మమ్మల్ని నమీబియా తీసుకపోయినాడు. వాడు జొహన్నెస్‌బర్గ్‌లో సాఫ్ట్‌వేర్ నౌకరీ చేస్తాడు. ఫోన్ చేసి, "ఆపా, ఎనిమిది రోజులు. లగ్జరీ సెల్ఫ్ డ్రైవ్ సఫారీ. రేగిస్తాన్, తర్వాత సమందర్. అబ్బా కోసమే బుక్ చేసినా" అన్నాడు.

వాడి మనసులో ఉన్నది నాకు తెలుసు. అబ్బా ఇన్నేండ్లు వేరేవాళ్ల బండ్లు తోలినాడు. ఇప్పుడు ఒక పెద్ద ఫోర్ బై ఫోర్ బండి తీసుకుని, కనుచూపు మేర ఎవరూ లేని రోడ్డు మీద తాళంచెవి ఆయన చేతిలో పెట్టాల. అబ్బా తోలాల, మనం పక్కన కూర్చుని చూడాల. వాడు ఆ సీను ఎన్నేండ్ల నుంచి దాచుకున్నాడో.

అమ్మీని రమ్మంటే రాలేదు. మోకాళ్ల నొప్పులు ఒక బహానా. అసలు మాట వేరే. "నాకెందుకురా రేగిస్తాన్? 24 ఏండ్లు అది నా ఇంట్లోనే ఉన్నింది" అనింది. ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. ఖాలాను ఇంట్లో తోడు పెట్టి మేం బయల్దేరినాం. నేను నంద్యాల ఆర్టీవో ఆఫీసులో ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకున్నా. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు వారం వారం కారులో పోయొచ్చే అలవాటు తప్ప నాకు పెద్దగా అనుభవం లేదు. అయినా ఒకటి ఉండనీ అనుకున్నా. అబ్బా కూడా తీసుకున్నాడు. ఫోటో దిగేటప్పుడు షర్టు కాలరు సరిచేసుకున్న తీరు చూస్తే తమ్ముడి సీను నిజమైతాదనే అనిపించింది.

నమీబియా గురించి నాలుగు ముక్కలు చెప్తా. మన ఆంధ్రప్రదేశ్‌కు ఐదు రెట్లు పెద్ద దేశం. జనం మాత్రం ముప్పై లక్షలు. మన నంద్యాల జిల్లా జనాభాకు రెండింతలు కూడా లేరు. అందుకే అక్కడ బస్సులు, రైళ్లు పట్టుకుని తిరగడం కుదరదు. బండి తీసుకుని ఎవరికి వాళ్లు తోలుకుంటా పోవాల్సిందే. పెద్ద రోడ్లు కొన్ని తప్పితే మిగతావన్నీ కంకర రోడ్లు. మనలాగే ఎడమ పక్కన నడపాల. విండ్‌హోక్‌లో మాకిచ్చిన బండి టొయోటా హైలక్స్. రెండు స్టెప్నీలు, టైర్లకు గాలి కొట్టే మిషను, నీళ్ల డబ్బాలు, చిన్న ఫ్రిజ్, పైన విప్పుకునే గుడారం. బండి ఇచ్చినాయన గంటసేపు చెప్పినాడు: కంకర మీద 80 దాటొద్దు, చీకటి పడినాక నడపొద్దు, జింకలు అడ్డమొస్తాయి.

అబ్బా ఆయన చెప్పేది వినకుండా బండి చుట్టూ తిరిగినాడు. కింద వంగి చూసినాడు. టైర్లు తన్ని చూసినాడు. స్టెప్నీ బోల్టులు పట్టి కదిపినాడు. "ఇది వానెట్. కువైట్‌లో పికప్‌ను వానెట్ అంటారు. మంచి బండి" అన్నాడు.

తమ్ముడు తాళంచెవి ఇచ్చినాడు. రెండు చేతులతో ఇచ్చినాడు.

అబ్బా దాన్ని చూసినాడు. తీసుకోలేదు. "నక్కో బేటా" అని వెనక డోరు తీసుకుని ఎక్కి కూర్చున్నాడు.

తమ్ముడి మొహం చూడాల మీరు. "అబ్బా, ఇది నీ కోసమే" అన్నాడు. అబ్బా నిదానంగా చెప్పినాడు. "24 సాల్ ఆగే బైఠా. ముందర సీట్లో, అదీ స్టీరింగ్ దగ్గర. వెనక సీటు బాబాది, మామాది. నేను దాన్ని తుడిచినా, దుమ్ము దులిపినా, వాళ్ల పిల్లోళ్లు కక్కుకుంటే కడిగినా. ఒక్క దినం కూర్చోలేదు. ఈ ఎనిమిది దినాలు నేను వెనకనే కూర్చుంటా." కువైట్‌లో ఇంటి యజమానిని బాబా అని, యజమానురాలిని మామా అని పిలుస్తారు. అబ్బా కంటే పదేండ్లు చిన్న మనిషిని కూడా అబ్బా బాబా అనే పిలిచినాడు.

అట్ల బండి నాకూ తమ్ముడికీ మిగిలింది.

దీని గురించి చాలా ఆలోచించినా. కారులో డ్రైవర్ లేకుండా మనమే తోలుకోవడం లగ్జరీ ఎవరికి? ఎప్పుడూ ఎవరో ఒకరు తోలి పెట్టినవాళ్లకు. లేకుంటే ఆఫీసు కుర్చీలో జిందగీ గడిపే మా తమ్ముడిలాంటోళ్లకు. డ్రైవరుకు సెల్ఫ్ డ్రైవ్ అంటే డ్యూటీయే. మేస్త్రీని తీసుకపోయి 'నీ కోసం ఇటుకలు తెప్పించినా, హాయిగా గోడ కట్టుకో' అన్నట్టే.

రెండో రోజు సెస్రియెం వైపు పోయినాం. దారిలో సాలిటైర్ అని ఒక చోటు. పేరుకు ఊరు. ఒక పెట్రోలు బంకు, ఒక బేకరీ, ఇసుకలో సగం పూడిపోయిన తుక్కు కార్లు. అక్కడ యాపిల్ పై చాలా మషూర్. అబ్బా ఒక ముక్క తిని, "మన నంద్యాల దిల్‌పసందే బాగుంటాది" అని ఫైసలా చెప్పినాడు. ఆ తుక్కు కార్ల దగ్గర మాత్రం చాలాసేపు నిలబడినాడు. ఒక్కో దాని బానెట్ మీద చెయ్యి పెట్టి మోడలు చెప్పుకుంటా పోయినాడు, ఖబరస్తాన్‌లో తెలిసినోళ్ల సమాధులు చూపించినట్టు.

ఆ సాయంత్రం దిగిన లాడ్జి నిజంగానే లగ్జరీ. ఒక్కో గదికి ఒక్కో చిన్న ఈత కొలను. గోడంతా అద్దం, అద్దం అవతల ఎర్రటి ఇసుక, దూరంగా ఓరిక్స్ జింకలు. అబ్బా గది చూసి మాషాల్లా అన్నాడు. తర్వాత అడిగిన మొదటి సవాల్: "డ్రైవర్లు యాడ పడుకుంటారు?"

టూరిస్టులను తీసుకొచ్చే గైడ్లు, డ్రైవర్లకు వెనకాల వేరే క్వార్టర్లు ఉన్నాయి. వేరే వంటగది. అబ్బా రాత్రి అటు పోయి వాళ్లతో కూర్చున్నాడు. ఒకాయన దమారా మనిషి, ఇంకొకాయన నామా మనిషి. అబ్బాకు వచ్చిన ఇంగ్లీషు తక్కువ, అరబ్బీ ఎక్కువ. వాళ్లకు అరబ్బీ రాదు. అయినా గంటన్నర మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడినారని అడిగితే, "జీతం, పిల్లలు, టైర్లు" అన్నాడు. డ్రైవర్ల జబాన్ ఏ దేశంలో అయినా ఒకటే ఉన్నట్టుంది.

అక్కడి నుంచి వచ్చి బయట కుర్చీలో కూర్చున్నాడు. కరెంటు దీపాలు చాలా తక్కువ కాబట్టి ఆస్మాన్ మొత్తం మీద పడినట్టు ఉంటుంది. అబ్బా నైరుతి దిక్కున మెరిసే ఒక తెల్లటి నక్షత్రం చూపించి "సుహైల్" అన్నాడు. కువైట్‌లో ఎండాకాలం చివర్లో తెల్లారుజామున సుహైల్ కనపడితే ఎండలు తగ్గుముఖం పట్టినట్టు లెక్క. అరబ్బులు దాని కోసం ఎదురు చూస్తారు. "అక్కడ నేలకు ఆనుకుని ఉంటాది. కష్టపడి చూడాల. ఇక్కడ చూడు, ఎంత పైకి ఎక్కిందో" అన్నాడు. ఆ సుహైల్ వేరే ఏదో కాదు, మన అగస్త్య నక్షత్రమే. మన యాగంటిలో అగస్త్యుడి గుహ ఉంది కదా, ఆ అగస్త్యుడే. వింధ్య దాటి దక్షిణానికి వచ్చి మళ్లీ వెనక్కి పోలేదంటారు. అబ్బాకు ఆ కథ చెప్పినా. "పాపం, ఆయనకూ వీసా దొరికినట్టు లేదు" అన్నాడు.

నమాజ్ సంగతి కూడా చెప్పాల. నంద్యాలలో ఖిబ్లా మనకు పడమర. కువైట్‌లో నైరుతి. నమీబియాలో ఉత్తరానికి కొంచెం తూర్పుగా తిరగాల. అబ్బా మొదటి రోజు అలవాటుగా పడమరకు తిరిగితే తమ్ముడు ఫోన్లో దిక్కు చూసి మళ్లించినాడు. తమ్ముడికి ఆ ఇసుకను చూసి తయమ్ముమ్ చేసుకోవాలని షౌక్ పుట్టింది. అబ్బా ఒప్పుకోలేదు. "బండిలో నలభై లీటర్ల నీళ్లు పెట్టుకుని తయమ్ముమ్ ఏందిరా? నీళ్లు లేనోడికిచ్చిన రియాయత్ అది. సోకు కాదు." ఒకసారి కువైట్‌లో సాల్మీ రోడ్డు దిక్కు బండి చెడిపోయి రాత్రంతా ఒక్కడే ఇసుకలో ఉండిపోతే చేసినాడంట తయమ్ముమ్. తాగడానికి సగం బాటిల్ నీళ్లు ఉన్న్యాయంట. మాకు ఈ సంగతి ఇంతవరకు తెలియదు. ఫోన్లో ఎప్పుడడిగినా 'సబ్ ఖైరియత్' అనే చెప్పేవాడు.

ఇంకో మాట అన్నాడు. సఫర్‌లో ఉన్నోళ్లకు ఖస్ర్ ఉంటుంది, నాలుగు రకాతుల ఫర్జ్ రెండే చదవొచ్చు. కానీ ఒక చోట పదిహేను రోజులో అంతకంటే ఎక్కువో ఉండాలని నియ్యత్ చేసుకుంటే పూర్తిగా చదవాల. "నేను 24 ఏండ్లు పూర్తి నమాజే చదివినా. కాయిదా ప్రకారం నేను ముసాఫిర్ కాదు. దిల్‌కు మాత్రం ఒక్కరోజు కూడా ఇల్లు అనిపించలేదు. ఇప్పుడు చూడు, ఖస్ర్ చదువుతున్నా, ఇంట్లో ఉన్నట్టుంది." తమ్ముడు అప్పుడు లేచి నీళ్లు తేవడానికి పోయినాడు. నీళ్లు పక్కనే ఉన్నాయి.

మూడో రోజు సోసస్‌వ్లే. సెస్రియెం గేటు నుంచి అరవై కిలోమీటర్ల తారు రోడ్డు. రెండు పక్కలా ఎర్రటి ఇసుక కొండలు. ఇసుకలో ఇనుము తుప్పు పట్టడం వల్ల ఆ రంగు. గేటు నుంచి 45వ కిలోమీటరు దగ్గర ఉండేదాన్ని డ్యూన్ 45 అంటారు. చివరి ఐదు కిలోమీటర్లు మాత్రం లోతైన ఇసుక. ఫోర్ బై ఫోర్ ఉంటేనే పోవాల. లేకుంటే బండి అక్కడ పెట్టేసి అక్కడి షటిల్ ఎక్కాల.

ఇసుక మొదలయ్యే చోట అబ్బా "రోకో" అన్నాడు. దిగి నాలుగు టైర్లలో గాలి తీయించినాడు. టైరు మెత్తబడితే ఇసుక మీద వెడల్పుగా పరుచుకుంటుంది, దిగబడదు. "బ్రేకు కొట్టొద్దు. నిలబెట్టొద్దు. ముందర పోయిన బండి గాడిలోనే పో. స్టీరింగ్ గట్టిగా పట్టుకోవద్దు, బండి కొంచెం ఈదనీ" అని వెనక సీటు నుంచి చెప్తా ఉంటే తమ్ముడు తోలినాడు. ఎక్కడా దిగబడలేదు. అబ్బా వెనక నుంచి "షాబాష్" అన్నాడు.

సగం దారిలో ఒక తెల్ల జంట బండి ఇరుసు దాకా దిగబడి ఉంది. ఆయన ఎక్సలేటర్ తొక్కుతున్నాడు, బండి ఇంకా లోపలికి పోతా ఉంది. గట్టి నేల చూసి మా బండి ఆపించి అబ్బా దిగినాడు. చేత్తో సైగ చేసి ఆయన్ను దింపినాడు. వాళ్ల పార తీసుకుని చక్రాల ముందర ఇసుక తోడినాడు. గాలి తీసినాడు. తర్వాత డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు. మా బండిలో వద్దన్న మనిషి అక్కడ కూర్చున్నాడు! రివర్సులో ఒక చిన్న ఊపు, ముందుకు ఒక ఊపు, మూడోసారికి బండి బయటికి వచ్చేసింది. అరవై దాటిన మనిషి, కంట్లో శుక్లాలు మొదలైన మనిషి. ఆ ఐదు నిమిషాలు ఆయన చేతులు చూస్తే నాకు మా ఆళ్లగడ్డ శిల్పులు గుర్తొచ్చినారు. వాళ్ల ఉలి కూడా ఇట్లనే, ఎక్కడ ఎంత తగలాలో అంతే తగులుతుంది.

ఆ తెల్లాయన చాలా ఖుషీ అయినాడు. అబ్బా చెయ్యి పట్టుకుని ఊపినాడు. తర్వాత జేబులోంచి 200 నమీబియా డాలర్ల నోటు తీసి అబ్బా చేతిలో పెట్టినాడు. మా గైడ్ అనుకున్నాడు.

తమ్ముడి మొహం ఎర్రబడింది. "హి ఈజ్ మై ఫాదర్" అంటా ముందుకు పోయినాడు. ఆ మనిషి సిగ్గుపడిపోయి సారీ చెప్తా నోటు వెనక్కి తీసుకోబోతే, అబ్బా నోటు మడిచి జేబులో పెట్టుకుని, "థ్యాంక్యూ సర్" అన్నాడు. సలాం చేసినాడు.

బండెక్కినాక తమ్ముడు మాట్లాడలేదు. కొంచెం దూరం పోయినాక ఆగలేక అనేసినాడు. "ఎందుకు తీసుకున్నావు అబ్బా? నేను నిన్ను గెస్టుగా తీసుకొచ్చినా. వాడు నిన్ను నౌకర్ అనుకున్నాడు. మన ఇజ్జత్ ఏం కావాల?"

అబ్బా కోపం చేసుకోలేదు. "వాడు నన్ను డ్రైవర్ అనుకున్నాడు. నేను డ్రైవర్నే. పని చేసినా, పైసా ఇచ్చినాడు. హలాల్ కమాయీ. దీంట్లో ఇజ్జత్ పోయేది ఎక్కడుంది? నీ ఇంజినీరింగ్ ఫీజు ఏ పైసాతో కట్టినా?" కొంచెం ఆగి, "ఇజ్జత్ పోయిన దినాలు వేరే ఉండాయి బేటా. అవి పైసా ఇచ్చిన దినాలు కాదు" అన్నాడు.

ఆ వేరే దినాలేవో ఆయన చెప్పలేదు, మేం అడగలేదు.

డెడ్‌వ్లేలో అబ్బా ఎక్కువ సేపు ఉన్నాడు. తెల్లటి మట్టి గడ్డకట్టిన పళ్లెం లాంటి నేల, చుట్టూ మూడొందల మీటర్ల ఎత్తు ఇసుక కొండలు, మధ్యలో నల్లగా మాడినట్టున్న ఎండు చెట్లు. అవి చచ్చిపోయి 600 ఏండ్లు దాటింది. ఒకప్పుడు నది అక్కడి దాకా వచ్చేది. ఇసుక అడ్డం పడి నీళ్లు ఆగిపోయినాయి. గాలి ఎంత పొడిగా ఉంటుందంటే చెట్లు కుళ్లను కూడా లేదు, నిలబడినట్టే ఉండిపోయినాయి. అబ్బా అన్నాడు, "మన ఆళ్లగడ్డ రోడ్డు పక్క శిల్పాల కొట్టాల ముందర సగం చెక్కి వదిలేసినవి ఉంటాయి చూడు, అట్లుంది."

అక్కడి నుంచి సమందర్ వైపు. మకర రేఖ బోర్డు దాటి, కుయిసెబ్ కనుమ దిగి, వాల్విస్ బే మీదుగా స్వాకోప్‌మండ్ చేరినాం. ఒక పక్క ఇసుక కొండలు, ఇంకో పక్క అట్లాంటిక్. అంటార్కిటికా దిక్కు నుంచి వచ్చే బెంగ్వేలా చల్లటి ప్రవాహం వల్ల అక్కడ వాన పడదు, పొగమంచు పడుతుంది. ఎడారి ఎడారిగా ఉండటానికి ఆ చల్లటి నీళ్లు కూడా ఒక సబబు. ఆ ఇసుకలో ఒక నల్ల పురుగు ఉంటుంది. పొద్దున్నే కొండ కొసన తల కింద, తోక పైన పెట్టి నిలబడుతుంది. మంచు దాని వీపు మీద చుక్కలై, జారి నోట్లోకి వస్తుంది. అబ్బాకు ఈ సంగతి చెప్తే, "రాజిఖ్ అల్లా" అని చాలాసేపు తల ఊపినాడు.

కువైట్‌లో చలికాలం వస్తే ఇంటోళ్లు ఎడారిలో గుడారాలు వేసుకుంటారు. జనరేటరు, నీళ్ల ట్యాంకి, తివాచీలు, పొయ్యిలు అన్నీ డ్రైవరే మోయాల. రాత్రి డ్రైవరు బండిలో పడుకుంటాడు. వారాంతాలు గల్ఫ్ రోడ్డు, సాల్మియా, ఖిరాన్ సముద్రం ఒడ్డు. వాళ్లు నీళ్లల్లోకి దిగుతారు, డ్రైవరు బండి దగ్గర ఉంటాడు. ఎప్పుడు 'యల్లా' అంటారో తెలియదు కాబట్టి దూరం పోకూడదు. "24 ఏండ్లు సమందర్ పక్కనే ఉన్నా. కాళ్లు తడుపుకోలేదు" అన్నాడు అబ్బా. స్వాకోప్‌మండ్‌లో ప్యాంటు మడుచుకుని నీళ్లల్లో దిగి, చలికి ఒక కేక పెట్టినాడు. బయటికి మాత్రం రాలేదు. మేం ఒడ్డున బండి దగ్గర నిలబడినాం. 'పోదాం' అని మేం అనలేదు.

స్వాకోప్‌మండ్ చూడటానికి జర్మనీ ఊరు మాదిరి ఉంటుంది. రంగు రంగుల ఇండ్లు, కేకుల అంగళ్లు. 1892లో జర్మన్లు కట్టుకున్న రేవు. ఊరి చివర ఖబరస్తాన్ ఉంది. ఒక భాగంలో పాలరాతి సమాధులు, పేర్లు, పూలు. దాని పక్కన, ఎడారి మొదలయ్యే చోట, పేర్లు లేని చిన్న చిన్న ఇసుక కుప్పలు, వరసల మీద వరసలు. అవి హెరెరోలవి, నామాలవి. 1904 నుంచి 1908 మధ్య జర్మన్ సైన్యం వాళ్లను ఒమాహెకే ఎడారిలోకి తరిమి నీళ్లు దొరక్కుండా చేసింది. మిగిలినోళ్లను క్యాంపుల్లో పెట్టి వెట్టిచాకిరీ చేయించింది. పదుల వేల మంది చచ్చిపోయినారు. జర్మనీ ప్రభుత్వం దాన్ని నరమేధం అని ఒప్పుకున్నది 2021లో.

అబ్బాకు చరిత్ర మొత్తం చెప్పలేదు. "పని చేయించి చంపినారు" అని మాత్రం చెప్పినా. వాళ్లు మన మజ్‌హబ్ వాళ్లు కాదు. అయినా అబ్బా నిలబడి చాలాసేపు చేతులెత్తి ఏదో అనుకున్నాడు. సులైబీఖాత్ ఖబరస్తాన్ గుర్తొచ్చిందన్నాడు. కువైట్‌లో చచ్చిపోయి, ఊరికి చేరని మనోళ్లను అక్కడ దఫన్ చేసేది చూసినాడు.

ఆ దేశం వజ్రాల కథ ఒకటి ఉంది. 1908లో లూడెరిట్జ్ దగ్గర రైలు పట్టాల మీద ఇసుక తోడే పని చేసే జకరియాస్ లెవాలా అనే మనిషికి మెరిసే రాయి దొరికింది. దాన్ని తీసుకపోయి పైన ఉన్న జర్మన్ అధికారికి ఇచ్చినాడు. అధికారి కోటీశ్వరుడైనాడు. అక్కడ కోల్‌మన్‌స్కోప్ అనే ఊరే లేచింది. లెవాలాకు ఇనామ్ ఏమీ దక్కలేదు. ఇప్పుడు ఆ ఊరు ఇండ్లల్లోకి ఇసుక నిండిపోయి టూరిస్టులు ఫోటోలు తీసుకునే చోటు. మేం అంత దూరం పోలేదు. తమ్ముడే రాత్రి చదివి చెప్పినాడు. చదివినాక, "ఆ రెండొందలు తీసుకున్నదే కరెక్టు అబ్బా" అన్నాడు. అబ్బా నవ్వినాడు. ఆ నోటు అప్పటికే ఆయన జేబులో లేదు. లాడ్జిలో పొద్దున్నే మా బండి అద్దాలు తుడిచిన పిల్లోడికి ఇచ్చేసినాడని తర్వాత తెలిసింది.

చివరి రెండు రోజుల్లో ఇంకో సంగతి గమనించినా. మొదట్లో అబ్బా వెనక కూర్చున్నా డ్రైవర్‌గానే ఉన్నాడు. అద్దాలు చూడటం, గేరు శబ్దం వినడం, బండి ఆగితే ముందు దిగి డోరు పట్టుకోవడం. మేం ఫోటోలకు దిగితే ఆయన బండి దగ్గరే నిలబడేవాడు. ఆపమని మాత్రం అడగడు. ఇసుక దగ్గర 'రోకో' అన్నది బండి కోసం, ఆయన కోసం కాదు. బాత్రూముకు కూడా మేం ఆపే దాకా పట్టుకుని కూర్చునేవాడు. 24 ఏండ్ల అలవాటు.

ఏడో రోజు కేప్ క్రాస్ పోయినాం. లక్షల సీల్ జంతువులు ఒడ్డున పడుకుని అరుస్తుంటాయి. ఆ వాసన చెప్పతరం కాదు. అబ్బా రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని "చలో చలో" అన్నాడు. తిరిగి వస్తుంటే, ఎవరూ లేని ఉప్పు రోడ్డు మీద, చూడటానికి ఏమీ లేని చోట, వెనక నుంచి నిదానంగా ఒక గొంతు: "బేటీ, జరా రోకో."

నేను ఆపినా. "ఏమైంది అబ్బా?"

"ఏం లేదు. ఊరికే."

దిగినాడు. రెండు చేతులు వెనక్కి పెట్టుకుని అటు కొంచెం నడిచినాడు, ఇటు కొంచెం నడిచినాడు. ఒక రాయి ఎత్తి చూసి కింద పడేసినాడు. పది నిమిషాలైంది. తమ్ముడు టైము చూసుకోబోతే నేను చెయ్యి పట్టుకున్నా. అబ్బా తీరిగ్గా వచ్చి కూర్చుని, మొదటిసారి, "యల్లా" అన్నాడు. ఆ మాట ఆయన నోట వింటే ఎంత బాగుందో. ఇన్నేండ్లు విన్న మాట కదా, అనడం ఇప్పుడే.

తమ్ముడు కట్టిన డబ్బులకు బదులుగా మాకు దొరికింది ఇదే అనుకుంటా. ఈత కొలను, అద్దం గోడ, జింకలు, ఇవన్నీ బాగున్నాయి, కాదనను. కానీ తాళంచెవి చేతిలో ఉండటం ఆజాదీ కాదు. కువైట్‌లో కూడా తాళంచెవి అబ్బా చేతిలోనే ఉండేది. ఎక్కడ ఆపాలో చెప్పే హఖ్ వేరేవాళ్ల దగ్గర ఉండేది.

మన రాయలసీమలో గల్ఫ్‌లో డ్రైవరీ చేసి వచ్చిన అబ్బాలు, చాచాలు, మామూలు ఎందరో. ఈ రాత చదివే మీ ఇండ్లల్లో కూడా ఉంటారు. వాళ్లను ఎక్కడికైనా తీసుకపోండి. నమీబియానే కానక్కర్లేదు. రోళ్లపాడులో బట్టమేక పిట్ట కనపడకపోయినా ఆ గడ్డి మైదానం బాగుంటుంది. నంద్యాల నుంచి గిద్దలూరు పోయే నల్లమల దారి ఉంది. తాళంచెవి ఇచ్చేసి ఇజ్జత్ ఇచ్చేసినామనుకోకండి. ముందు ఒక మాట అడగండి, 'ఎక్కడ కూర్చుంటావు?' అని. కొందరికి స్టీరింగే కావాల్సి ఉంటుంది. కొందరికి కాదు.

ఇప్పుడు నేను ఆదివారం ఆళ్లగడ్డ పోతే అబ్బా, అమ్మీ ఇద్దరూ కారెక్కుతారు. అబ్బా వెనక, అమ్మీ ముందర నా పక్కన. శిరివెళ్ల దాటకముందే రెండుసార్లు ఆపిస్తాడు. ఒకసారి చింతచెట్టు కింద, ఒకసారి టీ కోసం. మొన్న మూడోసారి కూడా "రోకో" అంటే అమ్మీ వెనక్కి తిరిగి, "ఈ ఆపడమేదో ముప్పై ఏండ్ల కిందట నేర్చుకుని ఉంటే బాగుండు" అనింది.

అబ్బా మారు మాట్లాడలేదు. దిగి, ముందర డోరు దగ్గరికొచ్చి, అలవాటు కొద్దీ తెరిచి పట్టుకున్నాడు. అమ్మీ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని మెల్లగా దిగింది. ఇద్దరూ చెరొక గ్లాసు టీ తాగినారు. నేను బండిలోనే కూర్చున్నా, వాళ్లు 'యల్లా' అనే దాకా.